అరమండికి బస్కీలు

మొన్న ఆదివారం క్లాసులో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి గది ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లాను. కూచిపూడి తరంగం చూసినవాళ్లకు అదెంత పనో తెలుసు. కాలివేళ్లు అంచును పట్టుకోవాలి. బరువు ఒక పాదం నుంచి రెండో పాదానికి మారుతుంటే పళ్లెం గరగరమంటూ ముందుకు జరగాలి. నడుం పైన మాత్రం ఏమీ జరగనట్టు చేతులు కృష్ణుణ్ణి చూపిస్తూ ఉండాలి. నాకు 43 ఏళ్లు. ఏడు నెలల కిందట మెట్లు దిగాలంటే గోడ పట్టుకునేదాన్ని. ఈ మధ్యలో ఏం జరిగిందో కనబడిన ప్రతివాళ్లకీ చెబుతున్నాను, మీకు చెప్పకుండా ఎలా ఉంటాను!

నాట్యానికి నాట్యమే వ్యాయామం అనుకునేదాన్ని. గంటన్నర అడుగులు వేశాక వేరే కసరత్తు ఎందుకు? అమ్మాయిని క్లాసులో దింపడానికి వెళ్లి, 38వ ఏట నేనూ గజ్జెలు కట్టాను. మూడో ఏడు నుంచి మోకాళ్ల నొప్పి. రెండు వారాలు మానేస్తే పోయేది, మొదలెట్టగానే మళ్లీ వచ్చేది. డాన్సు మానేయమంటారేమోనని వణుకుతూ ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లాను. ఆవిడ మానేయమనలేదు. చేతులు కట్టుకుని, ఒంటికాలి మీద కుర్చీలోంచి లేవమన్నారు. లేవలేకపోయాను. రెండో కాలితోనూ లేవలేకపోయాను.

"మీకు నాట్యం ఎక్కువవలేదమ్మా, బలం తక్కువైంది" అన్నారు.

ఆ మాటతో నా లోకం మారిపోయింది. తర్వాత అద్దం ముందు నన్ను అరమండిలో నిలబెట్టి చూపించారు. అరమండిలో, అంటే సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమలో, మోకాళ్లు పక్కలకు తెరుచుకుంటాయి కదా, ఆ తిరుగుడు తుంటి కీలులోంచి రావాలి. నా తుంటి తిరగడం లేదు. నేను పాదాలను మాత్రం పక్కలకు తిప్పి, లోటు అక్కడ పూడ్చుకుంటున్నాను. పైన తొడ ముందుకు, కింద పాదం పక్కకు, మధ్యలో మోకాలు మెలిపడుతోంది. రోజూ వందలసార్లు, గట్టి నేల మీద, ఉత్త కాళ్లతో తడుతూ ఆ మెలినే సాధన చేస్తూ వచ్చానన్నమాట.

వారానికి రెండు రోజులు, నలభై నిమిషాలు. అంతే చెప్పారు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి తుంటి పైకెత్తడం. మెట్టు అంచున ముందుపాదాలతో నిలబడి, రెండు మడమలూ ఎత్తి, ఒక్క కాలి మీద మెల్లగా కిందికి దించడం. ఆ తర్వాత స్క్వాట్లు. మొదటిరోజు స్క్వాటు చూడగానే నవ్వొచ్చింది. ఇవి మా తాతయ్య తీసిన బస్కీలే! విజయనగరం వైపు తాలింఖానాలో దండీలు, బస్కీలు తీసిన మనిషి ఆయన. మల్లయోధుడు కోడి రామమూర్తి గారి గుండె మీద ఏనుగు నిలబడిన కథ చెప్పకుండా మాకు అన్నం పెట్టనిచ్చేవాడు కాదు. 13వ శతాబ్దంలో కాకతీయుల ఏనుగుల దళానికి అధిపతిగా ఉన్న జాయపసేనానే 'నృత్తరత్నావళి' అనే నాట్యగ్రంథం రాశాడని చదివినప్పుడు వింతగా అనిపించేది. ఇప్పుడు అనిపించడం లేదు. సామూ నాట్యమూ ఒకే ఒంట్లో ఉండాల్సినవే.

ఇందులో నన్ను కట్టిపడేసింది నెమ్మదితనం. బస్కీ దిగడానికి నాలుగు అంకెలు లెక్కపెట్టుకోమన్నారు. నేను అంకెలు మానేసి తకధిమి అనుకుంటూ నిదానమైన మొదటి కాలంలో దిగుతాను. 'త' దగ్గర తుంటి వెనక్కి వెళ్తుంది. 'క' దగ్గర తొడలు బిగుస్తాయి. 'ధి' దగ్గర మోకాలు లోపలికి జారబోతుంది. అక్కడే పట్టుకోవాలి. మోకాలు కాలి రెండో వేలి వైపే చూస్తూ ఉండాలి. 'మి' దగ్గర మొత్తం బరువు పాదం నిండా పరుచుకుంటుంది. రెండేళ్లు నాకు కనిపించకుండా దొర్లిపోయిన తప్పు ఆ ఒక్క 'ధి'లో దొరికిపోయింది!

అడుగులు ఎన్ని వేసినా మోసే బరువు మన ఒంటిదే. ఒళ్లు దానికి అలవాటుపడ్డాక అక్కడే ఆగిపోతుంది, అలసిపోతే దొంగదారి వెతుకుతుంది. వేగమైన మూడో కాలంలో అందరి అరమండీ పైకి లేచేది అందుకే. కసరత్తులో ఎనిమిదిసార్లు చేసి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ ఎనిమిది. తేలికయ్యాక కాస్త బరువు పెంచడం. చేతిలో 4 కిలోలతో మొదలుపెట్టాను, ఇప్పుడు 12 కిలోలు. కసరత్తు లేని రోజుల్లోనూ, రాత్రి నిద్రలోనూ కండ బాగుపడుతుందట. సాధన అంటే ఆగకుండా చేయడమేనని నమ్మిన నాకు ఇదెంత కొత్త సంగతో!

ఊపిరి కోసం కృష్ణ ఒడ్డున నడక, మధ్యమధ్యలో ఒక్కో నిమిషం పరుగు. పాతకాలపు కూచిపూడివాళ్లు ఆడుతూనే పాడేవాళ్లు, సంభాషణా చెప్పేవాళ్లు. సత్యభామ వేషంలో రాత్రంతా అలా నిలిచిన వాళ్ల ఊపిరితిత్తులకు దణ్ణం పెట్టాలి.

మూడో నెలలో మా మాస్టారు నట్టువాంగం ఆపి, "రెండంగుళాలు కిందికి దిగావు, ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగారు. చెప్పాను. ఇప్పుడు క్లాసులో అడుగులకు ముందు పిల్లలందరూ మడమలు ఎత్తి దించుతున్నారు.

ఇంట్లో సంగతి ఇంకా బాగుంది. గ్యాస్ బండ నేనే జరుపుతున్నాను. పడుకోగానే నిద్ర పడుతోంది. పెద్దవాళ్లందరూ వారానికి కనీసం రెండు రోజులు కండలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అందులో 65 దాటినవాళ్లూ ఉన్నారు. అందుకే అమ్మను కూడా మొదలెట్టించాను. ఆమెకు 70. రోజూ సాయంత్రం దీపం పెట్టాక చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేస్తుంది. నిన్న నేను వంటగదిలో ఉంటే కేకేసింది: "ఏమే, ఆ తకధిమి ఇంకా మెల్లగా చెప్పు, నేనింకా సగంలోనే ఉన్నా!"