అమ్మమ్మ అంటారా, ఆయీ అంటారా?

మన తెలుగువాళ్ళు నలుగురు ఎక్కడ కలిసినా, కాఫీలు అయ్యేలోపు పెళ్ళిసంబంధాల మాట రాకమానదు. మా బరంపురంలో ఆ మాటకి ఇంకో తోక కూడా ఉంటుంది: "అబ్బాయి మనవాడేనా, ఒడియావాళ్ళా?" ఈ ప్రశ్న మనకొక్కరికే పుట్టిందనుకుంటాం గానీ, దీని వయస్సు వేల ఏళ్ళు. నేను బి.కామ్. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, చరిత్ర పండితుణ్ణి కాను. మా బ్రాంచిలోని క్రైస్తవ మిత్రుడొకరు తెలుగు బైబిలు చేతికిచ్చి, "హిత్తీయుల సంగతి చూడండి సార్" అంటే చదివాను.

హిత్తీయులంటే ఇప్పటి టర్కీలో హత్తూషా రాజధానిగా పెద్ద రాజ్యం ఏలినవారు. ఆ రాజ్యం క్రీ.పూ. 1200 ప్రాంతంలో కూలిపోయింది. 1906లో జరిగిన తవ్వకాల్లో వారి మట్టిపలకలు వేలకొద్దీ దొరికాయి. బైబిల్లో కనాను దేశంలో కనబడే హిత్తీయులు వీరేనా, లేక పేరు కలిసిన స్థానికులా అన్నది పండితులింకా వాదించుకుంటూనే ఉన్నారు. కథలో మాత్రం వాళ్ళు ఇశ్రాయేలీయులకి పక్కింటివాళ్ళు.

బ్యాంకు మనిషిని కాబట్టి నన్ను ముందు ఆకట్టుకున్నది ఒక భూమి బేరం. అబ్రాహాము తన భార్య శారాను సమాధి చేయడానికి హిత్తీయుడైన ఎఫ్రోను దగ్గర మక్పేలా గుహను, దాని పొలంతో సహా 400 తులాల వెండికి కొన్నాడు. ఊరి గుమ్మం దగ్గర సాక్షులు, హద్దులు, హద్దుల్లోని చెట్లు, అన్నీ మన దస్తావేజులో రాసినట్టే ఉన్నాయి. అంత మర్యాదగా బేరం జరిగింది. కానీ కొడుకు ఇస్సాకుకి పిల్లని వెతకవలసి వచ్చేసరికి, అదే అబ్రాహాము సేవకుణ్ణి ఒంటెలతో దూరానున్న తన బంధువుల ఊరికి పంపాడు. ఇచ్చిపుచ్చుకోవడాలు ఉన్నాయి గానీ వియ్యం లేదన్నమాట!

ఆ ఇస్సాకు కొడుకు ఏశావు నలభై ఏళ్ళ వయసులో ఇద్దరు హిత్తీయ అమ్మాయిలను చేసుకున్నాడు. తల్లి రిబ్కా, ఈ కోడళ్ళ వల్ల నాకు బతుకు మీదే విసుగొచ్చిందని వాపోయింది. తర్వాత ధర్మశాస్త్రంలో వియ్యమందకూడని ఏడు జాతుల జాబితా వచ్చింది, అందులో మొదటి పేరు హిత్తీయులదే. కారణం కూడా రాసి ఉంది: మీ పిల్లలను వేరే దేవుళ్ళ వైపు తిప్పేస్తారని. అయినా న్యాయాధిపతుల కాలంలో పిల్లలను ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నారు. ఎన్నో తరాల తర్వాత ఎజ్రా నాటికీ అదే ఫిర్యాదు. మా హెడ్డాఫీసు నుంచి ఒకే సర్క్యులరు మళ్ళీ మళ్ళీ వచ్చిందంటే దాన్ని ఎవరూ పాటించడం లేదని అర్థం. ఇదీ అంతే!

ఇక ఊరియా. హిత్తీయుడే, దావీదు సైన్యంలో వీరుడు. భార్య బత్షెబ. తోటి సైనికులు గుడారాల్లో ఉండగా నేను ఇంటికెళ్ళి సుఖపడనన్న నిష్ఠగలవాడు. అతని భార్యను ఆశించి, అతన్ని చంపించినవాడు మనవాడనుకున్న రాజు. మత్తయి సువార్తలోని వంశావళి ఆ సంగతిని దాచలేదు. సొలొమోను తల్లిని చెప్పేటప్పుడు బత్షెబ పేరు రాయకుండా, ఊరియా భార్యగానే గుర్తుచేసింది.

మన దగ్గరికి వద్దాం. పూరీ జగన్నాథుని ఇప్పటి గుడి కట్టడం మొదలుపెట్టిన చోడగంగదేవుడు 1078లో గద్దెనెక్కాడు. రాజధాని కళింగనగరం, అంటే మన శ్రీకాకుళం జిల్లా ముఖలింగం. తండ్రి గంగవంశపు రాజు, తల్లి రాజసుందరి చోళుల ఆడపడుచు. ఆయన పేరులోనే వియ్యం ఉంది! బరంపురంలో రెండేళ్ళకొకసారి జరిగే ఠాకురాణీ యాత్రలో అమ్మవారు పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు నేతవారి పెద్ద దేశీబెహెరాది. ఆ నేతవారి మూలాలు తెలుగునాట ఉన్నాయి. ఊరంతా తెలుగు, ఒడియా తేడా లేకుండా ఆమెను ఊరేగిస్తుంది.

అయితే భయం ఉత్తదేనా? కాదు. నెహెమ్యా గ్రంథంలో ఒక మాట నన్ను ఆపేసింది. అష్డోదు స్త్రీలను చేసుకున్నవారి పిల్లల్లో సగం మందికి యూదుల భాష రాలేదట. నెహెమ్యా కోపం పట్టలేక ఆ తండ్రులను కొట్టి, తలవెంట్రుకలు పెరికాడు. సరిగ్గా ఈ భయమే అంకులిలో మా చెల్లెలిదీ. మా మేనకోడలు ఒడియా అబ్బాయిని చేసుకుంటానంటే, చెల్లెలు కులం అడగలేదు, జీతం అడగలేదు. "అన్నయ్యా, నా మనవలు నన్ను అమ్మమ్మ అంటారా, ఆయీ అంటారా?" అంది. అబ్బాయి తల్లికి ఆ సంగతి తెలిసి, "వదినా, మా పఖాళ మీ చద్దన్నమే కదా. మీరు తెలుగులో ముద్దలు పెట్టండి, నేను ఒడియాలో పెడతాను" అందట. చెల్లెలు నవ్వి ఊరుకుంది గానీ, ఆ మర్నాడే బజారుకెళ్ళి పెద్దబాలశిక్ష కొనుక్కొచ్చింది. శుభలేఖ రెండు లిపుల్లో అచ్చయింది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి బరంపురం అటు చేరిన నాటినుంచి, ఇక్కడ తెలుగును నిలబెట్టింది ఇళ్ళల్లోని పెద్దలే. భార్యాభర్తలిద్దరూ తెలుగువాళ్ళైన ఇళ్ళల్లో కూడా గుడి బోర్డు మీది తెలుగు చదవలేని పిల్లలను చూస్తూనే ఉన్నాం. వాళ్ళకి ఆ నష్టం చేసింది ఏ పెళ్ళీ కాదు. పిల్లవాడితో రోజూ తెలుగులో మాట్లాడే మనిషి ఒకరు ఇంట్లో ఉంటే చాలు, వియ్యం ఎవరితో అందినా భాష బతుకుతుంది.

కాబట్టి పాఠకులకు నాదొక మనవి. ఈ సంచిక మీ ఇంటికి రాగానే, ఏదో ఒక పేజీ పిల్లలచేత పైకి చదివించండి. ఒడియా అల్లుడున్నా, ఒడియా కోడలున్నా వాళ్ళనీ పక్కన కూర్చోబెట్టుకోండి.