ఆరో పట్టీ

సెకండ్ హ్యాండ్‌లో బొలెరోనో స్కార్పియోనో కొన్న మనిషి వారం తిరక్కుండా మెకానిక్కు దగ్గరికి వెళ్ళి చెప్పే మాట ఒకటే: ‘కుదుపుతోంది.’ మెకానిక్కు నోట వచ్చే జవాబూ ఒకటే: ‘షాకబ్జార్లు పోయాయి.’ మాటకు మాట సరిపోయింది కాబట్టి మార్చేస్తారు. రెండు రోజులు బాగున్నట్టే ఉంటుంది. కొత్త సామాను మీద పెట్టిన డబ్బు నడుముకు కాస్త ధైర్యం చెబుతుంది. మూడో రోజు మణుగూరు నుంచి బయల్దేరి అశ్వాపురం చేరకముందే బండి మళ్ళీ పాత నడకకు వస్తుంది. నన్నడిగితే, తప్పు మొదటి ప్రశ్నలోనే ఉంది. పాత బండి నడక బాగోలేదంటే అందులో ఏదో పోయిందనుకుంటాం. చాలాసార్లు అక్కడ పోయిందేమీ ఉండదు, మారింది ఉంటుంది. పాత యజమాని తన పనికి కావలసి, డబ్బులిచ్చి మరీ చేయించుకున్న ఏర్పాట్లే కొత్త యజమానికి జబ్బులై కూర్చుంటాయి. అందుకని ఈ బండికి ఏమైంది అనేకంటే, ఈ బండి ఇంతకాలం ఏం పని చేసింది అని అడగడం మేలు.

ఆ ప్రశ్నకు మణుగూరులో దొరికినంత జవాబు పట్నంలో దొరకదు. సింగరేణి ప్రకాశం ఖని ఓపెన్ కాస్టులు, అశ్వాపురం దగ్గర భారజల కర్మాగారం, 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం, గోదావరి ఇసుక. ఇన్నిటి మధ్య జీపుజాతి బండికి తీరుబడి ఎక్కడిది? షిఫ్టుకు మనుషుల్ని దింపడం, విడిభాగాలు మోయడం, గనిలోకి దిగే మట్టిబాట మీద రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగడం. కొంత చరిత్ర నంబరు ప్లేటు మీదే రాసి ఉంటుంది. ఏపీ 20 అంటే ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లా బండి. టీఎస్ 04 అంటే 2014 తర్వాతిది. టీఎస్ 28 అంటే 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడ్డాక రోడ్డెక్కింది. టీజీ అని ఉంటే 2024 మార్చి తర్వాత పుట్టిన పసిబిడ్డ. పసుపు ప్లేటు తీసి తెల్ల ప్లేటు బిగించినదైతే అది టాక్సీగా తిరిగిన బండి, ఆర్‌సీ అడిగి చూసుకోవాలి. కిలోమీటర్ల మీటరును వెనక్కి తిప్పొచ్చు. చేసిన చాకిరీని తిప్పలేరు, అది కింద ఇనుములో ఉంటుంది.

కింద దూరేముందు ఇంకో మాట. ‘కుదుపు’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకోవడం తెలుగువాడికి తగని పిసినారితనం. మనకు ఊగడం వేరు, అదరడం వేరు, వణకడం వేరు, ఎత్తెయ్యడం వేరు. గుంత దాటాక కూడా బండి గోదాట్లో పడవలా రెండు మూడుసార్లు పైకీ కిందికీ పోతే అది ఊగడం; షాకబ్జార్ల మీద అనుమానం న్యాయమే. చిన్న రాయి మీదుగా పోయినా దెబ్బ నేరుగా వెన్నుకు తగిలితే అది అదురు. టైరునో స్ప్రింగు పట్టీలనో చూడాలి. ఎనభై దగ్గర మొదలై వందకు పోయే వణుకైతే చక్రాల బ్యాలెన్సింగో, వంకరపోయిన రిమ్మో, ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లో. వెనక సీటువాణ్ణి పైకప్పుకు తగిలించేది ఎత్తెయ్యడం. దాని సంగతి ముందుంది. రోగి నొప్పి ఎక్కడో చెప్పకుండా ‘బాగోలేదు’ అంటే వైద్యుడు మాత్రం ఏం చేస్తాడు, అలవాటైన మందే రాస్తాడు.

అన్నిటికంటే చవకైనది గాలి, అన్నిటికంటే ఆఖరున గుర్తొచ్చేదీ గాలే. 1888లో డన్‌లప్ గాలి టైరు పేటెంటు తీసుకున్నది కొడుకు మూడుచక్రాల సైకిలు రాళ్ళ మీద కుదపకుండా పోవాలనే. అంటే బండికి మొదటి స్ప్రింగు టైరులోని గాలి, ఉక్కు తర్వాతిది. టైరు బిరుసు ఇంచుమించు గాలి ఒత్తిడితో పాటే పెరుగుతుంది. బరువు మోసే బండికి కంపెనీ చెప్పిన దానికన్నా ఎక్కువ గాలి కొట్టించడం ఇక్కడ మామూలు. టైరు అంచులు అరగవు, పక్కలు నలగవు. బరువు పోయింది, అలవాటు మిగిలింది. డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఖాళీ బండికి ఒక అంకె, నిండు బండికి ఒక అంకె వేసి ఉంటాయి. ఆ అంకె చల్లటి టైరుకు. వేడి అయిదారు డిగ్రీలు పెరిగితే ఒత్తిడి ఒక పాయింటు (పీఎస్ఐ) పెరుగుతుంది. మే నెలలో 45 డిగ్రీల ఎండలో, తారు మీద యాభై కిలోమీటర్లు ఉరికిన టైరుకు గేజీ పెడితే అది చెప్పేది నిజమే కానీ మనకు కావలసిన నిజం కాదు. పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి.

గాలి సరిగ్గా ఉండీ అదురు తగ్గకపోతే టైరునే చదవాలి. పక్కగోడ మీద చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో ఇరవైమూడో వారం తయారైనది. గాడులు లోతుగానే ఉన్నా, ఇన్నేళ్ళ ఎండకు రబ్బరు కొయ్యబారి ఉండొచ్చు. తర్వాత సైజు. బొలెరోకు వచ్చే 215/75 ఆర్15 టైరుకు పక్కగోడ ఎత్తు సుమారు 161 మిల్లీమీటర్లు. చక్రం మొత్తం ఎత్తు మారకుండా 17 అంగుళాల అలాయ్ బిగిస్తే ఆ గోడ 136కు దిగుతుంది. అంటే ఒక అంగుళం గాలి దిండు తీసేసి ఒక అంగుళం లోహం పెట్టుకున్నట్టు. చూడ్డానికి దర్జాగా ఉంటుంది, కాదనను. దర్జా అద్దంలో కనబడుతుంది, లోహం వీపుకు తెలుస్తుంది. రాళ్ళకు కోసుకుపోకుండా లారీజాతి మందపాటి టైర్లు వేసిన బండ్లదీ ఇదే కథ. గనిబాట మీద అది తెలివైన పని. స్కూలు పిల్లల్ని దింపడానికి అంత కవచం అక్కర్లేదు.

ఇక కమాన్ పట్టీలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టకట్టిన వంపు ఉక్కు పట్టీల స్ప్రింగు. బొలెరోకు ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు. 2002లో వచ్చిన స్కార్పియోకు వెనక కూడా కాయిళ్ళే. అందుకే రెండిటికీ ఒకే వైద్యం కుదరదు. కమాన్ కట్ట మంచితనమే దాని చెడ్డతనం: ఇంకో పట్టీ దూర్చడం చాలా తేలిక. వెనక భాగం దిగబడుతోందంటే కొలిమి దగ్గరో బాడీ షెడ్డులోనో ఒక పూటలో పట్టీ పెరుగుతుంది. లెక్క చూడండి. అయిదు పట్టీల కట్టకు అదే మందంలో ఆరోది చేరిస్తే బిరుసు అయిదో వంతు పెరుగుతుంది. బండి పైకీ కిందికీ ఊగే వేగం బిరుసుకు వర్గమూలం లెక్కన పెరుగుతుంది కాబట్టి అది పదో వంతు దాకా పెరుగుతుంది. పదో వంతేనా అనిపించొచ్చు. కానీ మనిషి ఒళ్ళు తాళగలిగే ఊపు సెకనుకు ఒకటి, ఒకటిన్నర. పైకీ కిందికీ అదిరే అదురుకు శరీరం బాగా నొచ్చుకునేది సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది మధ్య. ఐఎస్ఓ 2631 ప్రమాణం లెక్క కట్టేది దీన్నే. కట్ట బిరుసెక్కిన కొద్దీ స్ప్రింగు మింగాల్సిన దెబ్బలు మింగకుండా పైకి పంపుతుంది. పైగా షాకబ్జారు పాత కట్ట బలానికి సరిపోయేలా చేసినది. గుంతలో నొక్కుకున్న ఆరు పట్టీలు తిరిగి తన్నేటప్పుడు ఆ తన్నును అది పట్టలేదు. ఎత్తెయ్యడం అంటే ఇదే. ఇప్పుడు షాకబ్జార్లు మారిస్తే రెండు రోజుల సుఖమే ఎందుకు దొరుకుతుందో అర్థమవుతుంది.

పట్టీ పెంచని బండిలోనూ కట్ట మొరాయించొచ్చు, దానికి మణుగూరు మార్కు కారణం ఒకటుంది. బరువుకు కట్ట చదునైనప్పుడు పొడవు పెరుగుతుంది. ఆ పెరిగిన పొడవుకు చోటివ్వడానికి ఒక చివర షాకిలు అనే చిన్న ఊయల ఉంటుంది. పట్టీ మీద పట్టీ కాస్త జారాలి, షాకిలు కాస్త ఊగాలి. ముసురు పట్టిన రోజుల్లో బొగ్గు పొడి, ఎర్రమట్టి, నీళ్ళు కలిసి పట్టీల మధ్య దూరి, ఎండకు గట్టిపడి, తుప్పుతో కలిసి జిగురులా పట్టేస్తాయి. అప్పుడు చిన్న దెబ్బలకు కట్ట అసలు వంగదు, ఇనుప దూలంలా నిలబడుతుంది. పెద్ద గుంతకు మాత్రం ఒక్కసారిగా విడివడుతుంది. కనుక్కోవడానికి టార్చి లైటు చాలు. షాకిలు పిన్ను చుట్టూ మట్టి పెచ్చు పగుల్లేకుండా నున్నగా ఉంటే ఆ ఊయల ఊగడం మానేసి చాలా కాలమైందని అర్థం. అలాగే ఇరుసు పైన ఉండే రబ్బరు బంపు స్టాపు చూడాలి. దుమ్ము పట్టి ఉంటే మంచిదే. దుమ్ము లేకుండా నల్లగా మెరుస్తుంటే ఇరుసు వచ్చి దాన్ని గుద్దుతోంది. కట్ట విప్పి, కడిగి, బుష్షులు మార్చి బిగించడానికి కూలీ ఎక్కువ, సామాను తక్కువ. అందుకే ఆ సలహా అంత తొందరగా ఎవరి నోటా రాదనుకుంటాను.

షాకబ్జార్ల వంతు వచ్చేసరికి మణుగూరులో ఒక చిక్కు: ఇంజనీర్లు దాన్ని ‘డ్యాంపర్’ అంటారు, ఈ ఊళ్ళో డంపర్ అంటే ఇల్లంత చక్రాలతో గనిలో మట్టి మోసే బండి. ఆ డంపరు దగ్గర నేర్చుకోవలసింది ఒకటుంది. అలాంటి పెద్ద బండ్లకు ఎక్కువగా ఉక్కు కట్టలుండవు, నూనె మీద నైట్రోజన్ నింపిన సిలిండర్లుంటాయి. నొక్కిన కొద్దీ గ్యాసు బిరుసెక్కుతుంది కాబట్టి ఖాళీకి ఒక మెత్తన, నిండుకు ఒక గట్టిదనం దానంతటదే వస్తుంది. మన కమాన్ కట్టకు ఆ వెసులుబాటు తక్కువ. దేనికి కట్టామో దానికే పనికొస్తుంది. షాకబ్జారు బతికుందో లేదో చూడ్డానికి బంపరు నొక్కి వదిలే పరీక్ష చేస్తారు. ఇంత బరువైన బండిలో అది పూర్తిగా చచ్చినదాన్నే పట్టిస్తుంది. చేతి పరీక్ష నయం. షాకబ్జారు పనే ఊపును వేడిగా మార్చడం. పది కిలోమీటర్లు గతుకుల్లో తిప్పి, ఆగీ ఆగగానే సైలెన్సరు తగలకుండా చెయ్యి పెట్టి చూస్తే, పనిచేసేది చురుక్కుమంటుంది, సోమరిది గోరువెచ్చగా ఉంటుంది. ఎడమను కుడితో పోల్చాలి. ఒంటి మీద తడిసిన బొగ్గు పొడి నల్లటి పట్టులా కనిపిస్తే నూనె కారుతోందన్నమాట. అప్పుడు మార్చండి, జతగా మార్చండి, నాకే అభ్యంతరమూ లేదు.

ఇదంతా ఎందుకు, రోడ్డు బాగోలేక కదా అంటారు. టిప్పర్లు తొక్కిన దారి ఎలా ఉంటుందో ఇక్కడ ఒకరు చెప్పక్కర్లేదు. కానీ రోడ్డు అందరికీ ఒకటే. అదే మోడలు, అదే ఏడాది బండి ఇంకొకటి అదే దారిలో, అదే వేగంలో తోలి చూస్తే తేడా ఎవరిదో తేలిపోతుంది. రోడ్డును తిట్టుకునే బదులు కొలబద్దగా వాడుకోవచ్చు: మట్టిబాట అదురును పట్టిస్తుంది, నున్నటి తారు వణుకును పట్టిస్తుంది. ఇంకొందరు, సుఖం మనిషి మనిషికీ మారేది, దానికి పరీక్షలేమిటంటారు. 1930లలో క్యాడిలాక్‌లో మారిస్ ఓలీ చేసింది అదే పని: కారుకు బరువులు అటూ ఇటూ జరిపేలా అమర్చి, మనుషుల్ని ఎక్కించి తిప్పి, వాళ్ళ ఒళ్ళు ఏది బాగుందంటే ఆ అమరికను పట్టుకున్నాడు. ఒళ్ళు నమ్మదగిన పరికరమే; ఒకసారికి ఒక్క మార్పే చేసి దాన్ని అడగాలి. గాలి తగ్గించి, అదే రోజు టైర్లు మార్చి, అదే రోజు బుష్షులు వేయిస్తే ఏది గుణం చేసిందో ఆ ఒళ్ళూ చెప్పలేదు. మెకానిక్కు చెవి మీద నాకు గౌరవం ఉంది. గేరు బాక్సు మూలుగు విని పళ్ళ సంగతి చెప్పగలవాళ్ళున్నారు. అయితే ఆ చెవికి మనం అందించింది ‘కుదుపు’ అనే ఒక్క మాట.

కాస్త బరువున్న అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఆరో పట్టీ తీసేస్తే రేపు మేడారం ఎలా వెళ్ళాలి? రెండేళ్ళకోసారి సమ్మక్క సారలమ్మ జాతరకు ఇదే బండిలో పన్నెండుమంది, బెల్లం, కోళ్ళు, వంట సామాను, ఏటూరునాగారం మీదుగా తాడ్వాయి అడవిలోకి. అప్పుడు అయిదు పట్టీల బండి వెనక దిగబడి, బంపు స్టాపు మీద కూర్చుని పోతుంది. నిజమే. ఏడుగురి బండిలో పన్నెండుమందా అని అడిగే ధైర్యం జాతర రోజుల్లో ఎవరికీ ఉండదు కాబట్టి దాన్ని పక్కన పెడదాం. రెండేళ్ళంటే ఏడువందల ముప్ఫై రోజులు. అందులో జాతర నాలుగు రోజులు, పెళ్ళిళ్ళూ భద్రాచలం కల్యాణమూ కలిపి ఇంకో పది వేసుకుందాం. మిగిలిన ఏడువందల పైచిలుకు రోజులు బండిలో ఉండేది ఇద్దరు ముగ్గురు. వారం వారం ఇసుకో ఎరువులో మోసేవాడు ఆరో పట్టీని ఉంచుకోవాలి, నడుము నొప్పి దాని అద్దె అనుకోవాలి. మిగతావాళ్ళు జాతరకు ఇంకో బండి మాట్లాడుకోవడం చవక. తీసిన పట్టీ వృథా పోతుందన్న బెంగ కూడా అక్కర్లేదు. కమాన్ ఉక్కంటే కొలిమివాళ్ళకు ప్రాణం. ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నీళ్ళు పడితే కత్తో గొడ్డలో అవుతుంది.