మార్జాల సాక్ష్యము

పిల్లి యెదురువచ్చినదని ప్రయాణము మానుకొన్నవారిని నేను చాలమందిని జూచితిని. ఆ పిల్లి యెచ్చటికి బోవుచున్నదో, దాని పనికి మన మెంత యడ్డు వచ్చితిమో విచారించినవారిని మాత్ర మొక్కరినైనను జూడలేదు. దాని వలన మనకు కీడు గలుగునని మన నమ్మకము. మన వలన దానికి గలిగిన కీడుల పట్టిక వ్రాయబూనినచో మార్కాపురములోని పలకలన్నియు జాలవు.

మాది మార్కాపురము, పలకల యూరు. కాగితపు పుస్తకములు చవుక గాక పూర్వము దేశములో నెందరో బాలురు మా యూరి పలకల మీదనే ఓనమాలు దిద్దిరి. మా నాయనగారు పలకలకు కొయ్య చట్రములు బిగించు కార్ఖానాలో లెక్కలు వ్రాయుచుండిరి. మా మేనత్త చిన్న వయస్సుననే భర్తను గోల్పోయి మా యింటనే యుండెడిది. ఆమె కొక గోధుమవన్నె పిల్లి కలదు. ఉదయమున నాయనగారు గడప దాటు సమయమున మేనత్తయు పిల్లియు లోపలి గదిలో నుండవలెనని మా యింట వ్రాయని శాసన మొకటి యుండెడిది. ఇద్దరును అపశకునములే గదా! మేనత్త పిల్లిని జంకనిడికొని, "రావే, మన మిద్దరమును లోపలికి బోదము. లోకము బయలుదేరుచున్నది" అని నవ్వెడిది. ఆ నవ్వులోని చేదు నా కప్పుడు దెలియలేదు.

నాకు పదియేండ్ల ప్రాయమున నొకనాడు అమ్మ ముక్కుపుడక కనబడకపోయెను. తలంటుకొనుటకు బోవుచు దానిని వసారాలోని గోడగూటిలో నుంచినదట. ఇల్లంతయు వెదకిరి. ఆ యుదయమున వసారా నూడ్చినది మా పనిపిల్ల. దాని వయస్సు పండ్రెండేండ్లు. అడిగిరి, బెదరించిరి, పావడా దులిపి చూచిరి. "నేను తీయలేదమ్మా" యను నొక్క మాట దప్ప దాని నోట వేరొక మాట రాలేదు. సాయంకాలమునకు దాని తల్లి వచ్చి, చేయి పట్టుకొని తీసికొనిపోయెను. ఆ నెల జీతము మావారీయనులేదు, ఆమె యడుగనులేదు. మేనత్త యొక్కతెయే, "ఆ పిల్ల యబద్ధమాడదు" అనెను. అపశకునపు మాట నెవరు విందురు?

ఇక నా నేరము చెప్పుకొనవలెను. ఆ యుదయమున పిల్లి గూటి యంచున నిలిచి ముందుకాలితో దేనినో తళుక్కుమను దానిని కదలించుచుండగా నేను జూచితిని. చెప్పితినా, పిల్లిని గోనెసంచిలో గట్టి పొలిమేర దాటింతురని భయపడితిని. పిల్లిని గాపాడుటకు పిల్ల నప్పగించితిని.

పదునేడేండ్లు గడచిన పిమ్మట వసారాలోని నాపరాళ్లు పెకలించి క్రొత్తవి పరపించుచుండగా, గూటి క్రిందనున్న బండ యడుగున, ఎలుక బొక్కలో, మట్టిలో గూరుకొని ముక్కుపుడక కనబడెను. అమ్మ దానిని అరచేత నుంచుకొని మధ్యాహ్నము వరకు మాటలాడలేదు. అప్పటికి మేనత్త లేదు, పిల్లి లేదు. పనిపిల్ల కుటుంబము కరవునాడు కూలికి దూరదేశము పోయినదనిరి గాని, ఏ యూరికో చెప్పగలవా రెవ్వరును లేకపోయిరి. మా పడమటి సీమనుండి వానలు లేని యేడు బ్రదుకుదెరువునకై తరలిపోవు కుటుంబముల కేమి కొదువ? వెదకితిని, దొరకలేదు. పండ్రెండేండ్ల పిల్లను పనికి బెట్టుకొనుటయే ఆ యింట జరిగిన మొదటి దొంగతనమని మాలో నొక్కరికైనను దోచలేదు.

ఉద్యోగవిరామానంతరము నేను అపరాధపరిశోధన కథలు వ్రాయ మొదలిడితిని. వానిలో హత్యలు లేవు, తుపాకులు లేవు. ఒక యిల్లు, కనబడని వస్తువు, అన్యాయముగా నిందపడిన మనిషి, ఒక పిల్లి, పిల్లిని గమనించు నొక మేనత్త: ఇంతే నా సామగ్రి. ఈ మార్గము నాది గాదు. ఎడ్గార్ ఆలన్ పో 1843లో వ్రాసిన కథలో గోడలోనుండి నల్లపిల్లి యరచిన యరపే హంతకుని బట్టియిచ్చినది. అమెరికాలో లిలియన్ జాక్సన్ బ్రౌన్ 1966లో 'కోకో' యను సయామీ పిల్లిని పరిశోధకుని ప్రక్క నిలిపి, ఆ వరుసలో ఇరువదితొమ్మిది నవలలు వ్రాసెను. జపానులో అకగావా జిరో 1978లో మూడువన్నెల పిల్లికి 'హోమ్సు' అని పేరిడెను. రీటా మే బ్రౌన్ తన పిల్లిని గ్రంథకర్త్రులలో నొకతెగా ముఖపత్రముపై నెక్కించెను. మనకు కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరుడు కలడు. ఆయన నగరపు పరిశోధకుడు. నా కథలకు మాత్రము వంటయింటి పరిశోధకులు కావలసివచ్చిరి.

పిల్లి యట్టి కథకు తగినదగుటకు కారణము దాని స్వభావమే. మనకు వెలుతురు చాలని చోట దానికి జాలును. దాని కన్నుల వెనుక కాంతిని మరల ద్రిప్పు అద్దమువంటి పొర యున్నది. మన చెవి కందని ఎలుక కీచుధ్వని దానికి వినబడును. దినములో నధికభాగము నిద్రించినట్లుండి, సందెవేళల నిల్లు గాలించును. అటకమీద నేమున్నదో, ధాన్యపుగాదె వెనుక నేమున్నదో యజమానురాలికంటె దానికి బాగుగ దెలియును. మానవునితో దీని చెలిమి నేటిది గాదు. సైప్రసు ద్వీపమున తొమ్మిదివేల యైదువందల యేండ్లనాటి యొక సమాధి చెంతనే పిల్లిని బూడ్చిన గుంట బయల్పడినట్లు 2004లో పండితులు ప్రకటించిరి. గాదెలు కాచిన ప్రాణికి మనమిచ్చిన బిరుదులేవి? దొంగ, కపటి, అపశకునము! కన్నులు మూసికొని పాలు ద్రావునని సామెత కట్టితిమి. కన్నులు మూసికొని తీర్పు చెప్పువారినిగూర్చి యేల కట్టమైతిమి?

నా కథలలో నొకటి గిద్దలూరులో జరుగును. రైలు ఆ యూరు దాటి దిగువమెట్ట మీదుగా నల్లమలలో బ్రవేశించును. ఆ యడవి 1978లో అభయారణ్యమై, 1983లో పులుల సంరక్షణ ప్రణాళికలో జేరినది. పెద్దపులియు, రెండు కిలోలైనను దూగని తుప్పుచుక్కల పిల్లియు నొకే వంశమువి. పులి యెదురుపడి బ్రదికినచో నూరంతయు జెప్పుకొందుము. దాని చిన్నచెల్లెలు వీథి దాటినచో నింటికి మరలి కాళ్లు గడుగుకొందుము. ఇది భయభక్తుల విషయమే కాని శాస్త్రము గాదు.

ఈ కథలు వ్రాయుటలో నాకు రెండు నియమములు గలవు. పిల్లి మాటలాడరాదు. అది సాక్షియే కాని న్యాయాధిపతి గాదు. అది చూపినదానిని మనుష్యులు చూడవలెను. రెండవది, ఇల్లంతయు వెదకనిదే ఏ మనిషి మూటయు విప్పించరాదు.

ఒక మిత్రురాలు నా కథలు చదివి, "ఇవి కాలక్షేపమునకు బాగుగ నున్నవి. వీనిలో సంస్కారమెక్కడ?" అని యడిగినది. ఆమెకు హితోపదేశములోని జరద్గవమను గ్రుడ్డిగ్రద్ద కథ జ్ఞాపకము చేసితిని. దీర్ఘకర్ణమను పిల్లి తపస్విననుచు గ్రద్ద తొఱ్ఱలో జేరి, పక్షిపిల్లలను దిని, యెముకల నచ్చట విడిచి పాఱిపోయెను. పక్షులు వచ్చి యెముకలు చూచి గ్రద్దను జంపినవి. శీల మెఱుగనివాని కాశ్రయ మీయరాదని మనమా కథకు నీతి చెప్పుకొందుము. నాకు గానవచ్చు నీతి వేరు. ఎముకలు దొరకిన చోటు నేరమున కానవాలే కాని నేరస్థున కానవాలు గాదు. గ్రుడ్డిదానిని, ఆశ్రయము పొంది యొదిగియున్నదానిని బట్టి చంపుట పక్షులకు సులభమాయెను. మా యింటను అట్లే జరిగినది. వసారా నూడ్చిన చేయి కనబడినది; మఱొకవైపు చూడవలసిన పని మాకు లేకపోయెను. వితంతువును, పనిపిల్లను, పిల్లిని అనుమానించుటకు సాక్ష్యముతో బనిలేని యిండ్లు నేటికిని గలవు. మిత్రురాలు మఱి మాటలాడలేదు. మఱునాడు తన యింటి పనిమనిషి దాచుకొనుటకు తాళముగల పెట్టె యొకటి కొనియిచ్చినట్లు తెలిసినది.

నా ప్రతి కథ చివరను నింద పడినవారికి వస్తువు సొంతదారే క్షమాపణ చెప్పుకొనును. బ్రదుకులో జరుగనిది కథలో జరిపించుట పిరికితనమే కావచ్చును. ఆ మాట నేను కాదనను. ఆ ముక్కుపుడక నా పెట్టెలోనే యున్నది. అమ్మ మరల దానిని ధరింపలేదు; నేనును ధరింపలేదు. నా కంటె రెండేండ్లు పెద్దదైన యొక స్త్రీ యెక్కడనో యుండవచ్చును. ఉన్నచో నది యామెది.

చదువరులారా! మీ యింట నేదైన వస్తువు కనబడనినాడు మొదట బండలెత్తి చూడుడు. ఇంటిలోని చిన్నవారు చూచినది భయములేక చెప్పుకొన గల్గునట్లు మెలగుడు. పిల్లి యెదురైనచో నొక్క నిమిషమాగి, దానిని దాని పనిమీద బోనిండు.