సోమారామమున గ్రహణపు పున్నమి

భీమవరమునందలి గునుపూడిలో పంచారామములలో నొకటియగు సోమారామము కలదు. అచ్చటి లింగము చంద్రప్రతిష్ఠితమనియు, పూర్ణిమనాడు తెల్లగాను, అమావాస్యకు నలుపు దిరిగియు కానవచ్చుననియు ప్రతీతి. స్వామికి పై యంతస్తున అన్నపూర్ణాదేవి కొలువుండుట ఇచ్చటి విశేషము.

2025 సెప్టెంబరు 7వ తేది భాద్రపద పూర్ణిమ. ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణ మగుటచే, కోవెల తలుపులు మూయకమునుపే దర్శింపవలెనని ఉదయముననే పోయితిమి. అయిదవ నెల గర్భవతియగు మా మరదలును వెంట వచ్చినది. దర్శనమైన పిమ్మట ఆమె కోనేటి మెట్లపై కూర్చుండి, "వదినా, ఈ రాత్రి పొరపాటున కత్తిపీట ముట్టినను, కదలినను బిడ్డకు గ్రహణపు మొఱ్ఱి వచ్చునని అత్తగారనిరి. నాకు భయముగా నున్నది" అని కన్నీరు పెట్టుకొన్నది.

ఈ భయము మన దేశమునకే పరిమితము కాదు. చంద్రుని ఏదో కొఱికివేయుటయే గ్రహణమనియు, గర్భిణి దానిని చూచినచో శిశువు పెదవియు నట్లే తెగుననియు మెక్సికోలోని పూర్వపు ఆజ్టెకులు నమ్మిరి. నేటికిని అచ్చట కొందఱు గర్భిణులు గ్రహణవేళ లోవస్త్రమునకు పిన్నీసు గ్రుచ్చుకొందురు. మన శశాంకునిలోని కుందేలు చీనావారికి మందు నూరును, జపానువారికి బియ్యపు ముద్ద దంచును. కథలు ముద్దు గొలుపును; భయములు మాత్రము ఆడుదానినే బాధించును.

గ్రహణము భూమినీడ యని ఆర్యభటుడు 499లోనే వ్రాసెను. శిశువు పెదవి గర్భము నాలుగవ వారమునకును ఏడవ వారమునకును నడుమ కూడుకొనునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. అయిదవ నెలలో కత్తిపీట ఏమి చేయగలదు? ఈ మాటలు చెప్పగా మరదలు కన్నులు తుడుచుకొన్నది.

మాకు మాత్రము మనసు కుదుటపడలేదు. మా వీధిలో నొక తల్లికి మొఱ్ఱితో ఆడపిల్ల కలిగినది. గ్రహణమునాడు వంకాయ తరిగితివి గనుకనే యని నలుగురు ననిరి. ఆ నలుగురిలో మేమును ఉంటిమి. శస్త్రచికిత్సతో బిడ్డ పెదవి చక్కబడినది గాని తల్లి దుఃఖము తీరలేదు.

ఆ రాత్రి అమ్మ ఊరగాయ జాడీలపై దర్భలు వేసినది, మేము వారింపలేదు. పదునొకండు గంటలకు మరదలు డాబాపై మా ప్రక్కన నిలిచి, రాగిరంగు చందమామను కనులార చూచినది.

సోదరీమణులారా, మఱునాడు మేము ఆ తల్లి యింటికి పోయి, "నీవలన ఏ దోషమును లేదమ్మా, ఆనాడు మేమే తప్పు పలికితిమి" అంటిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిదప, "ఈ మాట పదియేండ్లక్రింద ఎవరైన చెప్పియుండిన బాగుండెడిది" అన్నది.