ఎక్కడ చదవాలి?

ఉపకార వేతనపు దరఖాస్తులకు ఆనాడే గడువు. మా కళాశాల పాత కంప్యూటరుకు మాత్రం నెట్‌వర్కు నడుమనడుమ తెగిపోతున్నది. తెలుగు బోధించే మాకు ఇందులో ప్రవేశం తక్కువే. అయినను తమ్ముని పక్కన కూర్చొని, ఎవరో సవరించిన డ్రైవరు ప్రతిని పంక్తిపంక్తిగా పరిశీలించాము.

ఆర్‌టీఎల్ 8139 కార్డు వచ్చిన ప్యాకెట్లను వలయం వంటి బఫరులో వ్రాస్తూ పోతుంది. డ్రైవరు దాని వెనుకనే చదువుతూ వస్తుంది. బఫరు పొంగినప్పుడు గ్రాహక భాగాన్ని రీసెట్ చేస్తే కార్డు మళ్ళీ మొదటినుండి వ్రాస్తుంది.

"భాయ్‌జాన్, రాసేవాడు మొదటికి వచ్చాడు, చదివేవాడు రాలేదు" అన్నాడు తమ్ముడు.

చదివే స్థానాన్ని సున్న చేశాము. అందులో 16 తగ్గించి కార్డుకు తెలపడం ఆ చిప్పు ఆచారమట, మాకిప్పటికీ వింతే. కావాలనే బఫరును పొంగించి చూశాము, ఈసారి తెగలేదు. తలుపు వద్ద నిలుచున్న బాలికలను పిలవడానికి మేమే లేచాము.