పిలిస్తే పలకనోడు

మాదిగపల్లెలో పుట్టినోడు పిలవగానే పలకాలి. రెండో కేక పడకముందే పరుగెత్తాలి. పలక్కపోతే దాన్ని ఎవరూ రోగం అనుకోరు, పొగరంటారు. నా చెవులు పోయిన సంగతి మా ఊళ్ళో మొదట పొగరుగానే లెక్కకొచ్చింది.

2012లో నాకు మొండి టీబీ అని తేలింది. అంతకుముందు మింగిన మందులకు అది లొంగలేదు. హాస్టల్లో ఒకే గదిలో పన్నెండుమందిమి పక్కపక్కన పడుకుని చదువుకున్నోళ్ళం. ఎవరి దగ్గు ఎవరికంటిందో ఏం చెబుతాం? కానామైసిన్ ఇంజెక్షన్ రాశారు. ఆదివారం తప్ప రోజుకొకటి, ఆరు నెలలు. పొడిచినచోటల్లా గడ్డకట్టింది. మూడో నెలలో చెవుల్లో హోరు మొదలైంది. చెబితే, "నీరసంలే, గుడ్లు తిను" అని పంపించారు.

స్ట్రెప్టోమైసిన్, కానామైసిన్, అమికాసిన్, ఇవన్నీ ఒకే జాతి మందులు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాల్ని ఇవి చంపగలవు. చచ్చినవి మళ్ళీ మొలవవు. ముందుగా పోయేది సన్న శబ్దాలే. నాకు కీచురాళ్ళు పోయాయి, కుక్కరు విజిల్ పోయింది. ఆ తర్వాత మాటల్లో హల్లులు జారిపోయి అచ్చులు మిగిలాయి. కాలు, పాలు, తాలు, ఏదన్నా నాకు 'ఆలు'. డప్పు మాత్రం గుండెకు తగిలి వినపడుద్ది.

మందు మొదలెట్టే ముందొకసారి, ఆపైన నెలనెలా చెవి పరీక్ష చేస్తే తొలిదెబ్బ దగ్గరే పట్టుకోవచ్చు. డోసు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు. నాకు ఒక్కసారీ చెయ్యలేదు. ఆడియోగ్రామ్ అనే మాట కోర్సు అయిపోయాకే తెలిసింది. అడిగితే, "ప్రాణం దక్కింది గదా" అన్నారు. దక్కింది, కాదనను. ఆ మందు లేకపోతే ఈ నాలుగు ముక్కలు రాసేవాణ్ణే కాదు. కానీ మేం బతికుండటమే ఎక్కువ అనుకునేవాళ్ళ నోటికే ఆ మాట అంత తేలిగ్గా వస్తుంది.

మిషను పెట్టుకున్నాను. అది శబ్దం పెంచుద్ది గాని మాట విడదీసి చెప్పదు. దారి చూపింది అక్షరమ్ముక్క రాని మా అమ్మే. వెనకనించి పిలవటం మానేసింది. భుజం తట్టి, వెలుగులో ఎదురుగా కూచుని మాట్టాడుద్ది. నా ట్యూషన్ పిల్లలకీ అదే నేర్పాను. ఊరి ఆసామి ఒకాయన, "ఏరా, పిలుస్తుంటే విననట్టు పోతన్నావే" అని మీదికొచ్చాడు. "ఎదురుగా వచ్చి మాట్టాడండి, వినపడుద్ది" అన్నాను. తరాలుగా వెనకనించి కేకేసినోళ్ళకి ఎదురుగా రావటం కష్టంగానే ఉంది.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొండి టీబీకి కానామైసిన్ వాడొద్దని చెప్పింది. ఇప్పుడు నోటి మాత్రలే ముందు. అయినా అమికాసిన్ సూదులు కొందరికి పడుతూనే ఉన్నాయి. మన వాడలో ఎవరికి ఆ సూది రాసినా, చెవి పరీక్ష చీటీ ఏదని అడగండి. హోరంటే నీరసమని పంపితే అక్కణ్ణించి కదలొద్దు. పదిమంది కలిసి వెళ్ళండి. ఒక్కడే అడిగితే వాళ్ళకీ చెవుడొస్తుంది.