తలకి ఎన్ని వాకిళ్ళు?

తల గురించి మనకున్నన్ని మాటలు మరే అవయవం గురించీ లేవు కాబోలు. పిల్లాడు అల్లరి చేస్తే తలనొప్పి, అందరికీ అక్కరకొచ్చే కోడలు తలలో నాలుక, పరువు పోతే తలవంపులు, ఏం చేసినా కలిసి రాకపోతే తలరాత. పుర్రె మీది అతుకుల గీతలే బ్రహ్మరాత అనేవారు పెద్దవాళ్ళు. ఇన్ని మాటలున్నాయి గానీ, ఆ తలని తెరవాల్సి వస్తే ఎక్కడ తెరవాలి, ఎంత తెరవాలి అన్న ప్రశ్న మన ఇళ్ళలో ఎవరికీ తట్టదు. తట్టే అవసరం రాకూడదనే అందరం దణ్ణం పెట్టుకుంటాం.

మా ఇంట్లో ఆ అవసరం వచ్చింది. మాది మైపాడు దగ్గర, సముద్రపు గాలి తగిలే పల్లె. మా తోడికోడలికి మెదడులో నెత్తురునాళం ఒకచోట బుడగలా ఉబ్బిందన్నారు. మద్రాసు తీసుకెళ్ళాం. (చెన్నై అనాలిట. నెల్లూరు వాళ్ళకి ఇంకా నోరు తిరగలేదు లెండి!) ఒక డాక్టరుగారు కణత దగ్గర పెద్దగా తెరవాలన్నారు. ఇంకొకాయన చిన్న కిటికీ చాలన్నారు. ఇంటిల్లిపాదీ రెండు పార్టీలైపోయాం. చిన్నదైతే జుట్టు మిగుల్తుందని ఆడవాళ్ళం, పెద్దదైతే లోపల బాగా కనపడుద్ది గదా అని మగవాళ్ళు. దేవుడి దయవల్ల ఆపరేషను బాగానే జరిగింది. ఇప్పుడావిడ నాకంటే బాగా చేపల పులుసు పెడుతోంది.

కానీ ఒక సందేహం మాత్రం నన్ను వదల్లేదు. ఏ దారి మేలో ఈ డాక్టర్లకి ఎట్టా తెలుస్తుంది? బతికున్న మనిషికి రెండు దారులూ తెరిచి, పోల్చి చూడలేరు గదా!

మా ఆడపడుచు కూతురు మెదడు ఆపరేషన్ల చదువే చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడు అడిగాను. అది నవ్వి, "కొలుస్తారత్తా" అంది. పెద్ద జాడీ నా ముందు పెట్టి, "అడుగున ఉన్న ఆవకాయ ముక్క మీద గరిటె కొన ఆనించు. కొన కదలకుండా కాడని చుట్టూ తిప్పు" అంది. తిప్పాను. జాడీ మూతి ఎక్కడడ్డుపడితే అక్కడ ఆగిపోయింది. "మూతి ఎంత తిప్పనిస్తే అంతే నీ చేతికి స్వేచ్ఛ. లోతు ఎక్కువై మూతి సన్నమైతే ఆ స్వేచ్ఛ తగ్గిపోతుంది. తలలోనూ అంతే."

ఆ కొలిచేది ప్రయోగశాలల్లో. మరణానంతరం దేహదానం చేసినవారి తలని కదలకుండా బిగించి, మైక్రోస్కోపు కింద ఒక దారి తెరుస్తారు. లోపల చేరాల్సిన చోట సన్నటి పుల్లలాంటి పనిముట్టు కొన ఆనించి, రెండో కొసని ఎముక అడ్డుపడేదాకా నాలుగు వైపులా తిప్పుతారు. కెమెరాలు ఆ కదలికని పసిగడితే, ఎంత మేర తిరిగిందో కంప్యూటరు చదరపు మిల్లీమీటర్లలో లెక్క కడుతుంది. ఎంత వంపు దొరికిందో డిగ్రీల్లో చెబుతుంది. తర్వాత అదే తలకి ఇంకొక ఎముక తీసి, వాకిలి పెద్దది చేసి, మళ్ళీ కొలుస్తారు. అప్పుడు తెలుస్తుంది, ఆ ఎముక తీసిన శ్రమకి దక్కిందెంతో.

ఈ విద్యకి పెద్ద గురువు అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆల్బర్ట్ రోటన్. 1972లో అక్కడ చేరి, 2016లో చనిపోయేవరకూ మెదడు దారుల్ని కొలుస్తూ, బొమ్మలు తీస్తూ గడిపారు. ధమనుల్లోకి ఎర్రరంగు, సిరల్లోకి నీలంరంగు ఎక్కించి తీసిన ఆ బొమ్మలు చూసి నేర్చుకోని మెదడు డాక్టరు లేరంటుంది మా పిల్ల.

కణత దారిని 1970 ప్రాంతాల్లో వాడుకలోకి తెచ్చిన పెద్ద డాక్టరు జూరిచ్‌లోని యాసర్గిల్. దశాబ్దాలపాటు అదే రాజమార్గం. కనుగూటి అంచునీ చెంప ఎముకనీ కూడా కాస్త తీస్తే లాభమా అని అమెరికాలో ఫీనిక్స్ నగరంలోని బారో సంస్థ వాళ్ళు కొలిచి, 2002లో అచ్చు వేశారు. పనిచేసే చోటూ, వంపూ రెండూ పెరిగాయని అంకెలు చెప్పాయి. సరే, పెద్ద వాకిలే మేలు అనుకుంటాం గదా! 2007లో ఫిగైరెడో అనే బ్రెజిల్ డాక్టరుగారూ ఆయన సహచరులూ ఇంకో లెక్క తీశారు. కణత దగ్గర మామూలుకంటే చిన్న కిటికీ తెరిచి కొలిస్తే, లోపల కనిపించే చోటు పెద్దదానికి ఇంచుమించు సమానంగానే ఉందిట.

ఇందులో మనకేమిటి అంటారేమో. కణత మీది కండరం నమిలేటప్పుడు కదిలే కండరం. దాన్ని ఎక్కువగా కోస్తే కొందరికి అక్కడ గుంట పడుతుంది, నమలడం కష్టమవుతుంది. రోజూ అద్దం ముందు నిలబడి బొట్టు పెట్టుకునే మనిషికి ఆ గుంట చిన్న విషయమా? మిల్లీమీటర్ల లెక్కలో ఒక ఆడమనిషి మొహమూ ఉంది, ఆవిడ తినే అన్నమూ ఉంది.

అలాగని చిన్నదే ఎప్పుడూ గొప్పా అంటే అదీ కాదు. మైపాడు తీరాన కొబ్బరి బొండాలవాడిని చూడండి. నీళ్ళకి చిన్న కన్నం చాలు, లేతకొబ్బరి గీకాలంటే బొండాన్ని రెండుగా కొట్టాల్సిందే. లోపల పని ఏమిటో దాన్నిబట్టే వాకిలి. పైగా ప్రాణం లేని మెదడు వాచదు, నెత్తురు చిమ్మదు. ప్రయోగశాల అంకెలు దారి చూపిస్తాయి గానీ, నడవాల్సింది డాక్టరుగారి అనుభవమే. మద్రాసులో ఇద్దరూ రెండు మాటలు చెప్పారని మేం గాభరాపడ్డాం గానీ, రెండు మాటలకీ వెనక కొలతలున్నాయన్నమాట.

మరి ఆ కొలతలకి తల ఇచ్చిందెవరు? ఇది మాత్రం మా పిల్ల నవ్వకుండా చెప్పింది. "పేర్లు మాకు తెలియవత్తా. మొదలుపెట్టే ముందు దణ్ణం పెట్టుకుంటాం."

దేహాన్ని చూసి నేర్చుకోవడం మనకి కొత్తేం కాదు. శవాన్ని గడ్డితో చుట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు ఉంచి, తర్వాత వట్టివేళ్ళ కుంచెతో పొరపొరగా గీకి చూడమన్నాడు సుశ్రుతుడు. 2024 సెప్టెంబరులో మన తెలుగువాడు సీతారాం ఏచూరి పోయినప్పుడు, ఆయన దేహాన్ని కుటుంబంవాళ్ళు ఢిల్లీ ఎయిమ్స్‌కి అప్పగించారు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో మెదళ్ళ మ్యూజియం ఉంది. అక్కడ నిజమైన మెదడుని చేతిలోకి తీసుకోనిస్తారు. నేనూ తీసుకున్నాను. సుమారు కిలోంబావు బరువు. ఎవరిదో, ఏ పిల్లల్ని తలుచుకుందో, ఏ వంటింటి లెక్కలు వేసిందో!

ఇదంతా విన్న మా మామయ్యగారు, రిటైరైన బడిపంతులు, నెల్లూరు వెళ్ళి దేహదానం ఫారం తెచ్చుకున్నారు. 2014లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఉందిగదా మనకి. అక్కడిచ్చిన దేహం ఇలాంటి కొలతలకే పోతుందని కాదు, మొదటి ఏడాది పిల్లల చేతికి పాఠంగానైనా చేరుతుంది. అత్తమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు, "తలకొరివి లేకుండా ఎట్టా పోతారు? పిల్లాడు ఊరికే నిలబడాల్నా?" అంది. మామయ్య, "ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినోణ్ణి, ఇంకొక్క పాఠం చెప్పనీవే" అన్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచిపోయింది. ఎవరి మాట తప్పని అనను?

కానీ ఒకటి తెలిసింది. పోయినాయన సంతకం ఒక్కటే చాలదు. ఆ రోజు ఏడుపు మధ్యలో కాలేజీకి ఫోను చేసే మనిషి కావాలి. ఇంట్లోవాళ్ళు సరేననాలి. ఆ మాట ముందే, అన్నం తినేటప్పుడో కబుర్లు చెప్పుకునేటప్పుడో అనుకోకపోతే, ఫారం బీరువాలోనే ఉండిపోతుంది. మామయ్యగారి ఫారం మీద సాక్షిగా చివరికి అత్తమ్మే సంతకం పెట్టింది. అక్షరాలు కాస్త వణికాయి.

నేనూ ఒక ఫారం తెచ్చుకున్నాను. దాని మీద సాక్షి సంతకం పెట్టడానికి మావారు నెలరోజులుగా పెన్ను వెతుకుతున్నారు.